ఫీబా చెడగొట్టిన అన్నం

అషెపూ నది ఒడ్డున ఫీబా వండే అన్నానికి ఉన్న పేరు ఆ పొలాల యజమానికి కూడా లేదు. యజమాని పేరు చార్లెస్‌టౌన్‌లో నలుగురు వర్తకులకు తెలుసు. ఫీబా అన్నం సంగతి నది మీద తెడ్డు వేసే ప్రతి వాడికీ తెలుసు. చుట్టుపక్కల పెద్దిళ్ళలో విందు జరిగితే, "ఒక్కరోజుకి మీ ఫీబాని పంపండి" అని చీటీ వచ్చేది. మా పెద్ద దొరసాని రెండు చీటీలకు కాదని మూడోదానికి సరేననేది. లేకపోతే లోకువైపోతామని ఆవిడ భయం.

ఫీబాకి తల్లి ముఖం గుర్తులేదు. సముద్రం అవతలి నుంచి తనను బానిసగా తెచ్చిన ఓడలో తల్లి ఉందో లేదో కూడా ఎవరికీ చెప్పలేదు. అడిగితే పొయ్యిలో కట్టె ఎగదోసేది. ఆవిడకు గుర్తున్నదల్లా చేతి మీద పడిన ఒక దెబ్బ. నాలుగైదేళ్ళప్పుడు ఉడుకుతున్న అన్నంలో గరిటె పెట్టి తిప్పబోతే తల్లి చురుక్కుమనేలా ఒకటి వేసి, "అన్నాన్ని కలపకూడదు" అందట. ఆ మాట ఏ భాషలో అందో ఫీబా మరిచిపోయింది. దెబ్బకి భాషతో పనేముంది?

ఆ తరవాత నలభై ఏళ్ళు ఫీబా అన్నంలో గరిటె తిప్పలేదు. బియ్యం మూడుసార్లు కడిగేది. ఎసరు తెర్లాక పోసేది. మెతుకు నలిపి చూసి, మధ్యలో నూకంత పలుకు ఉండగానే గంజి వార్చేది. ఆపైన మూత పెట్టి, కుండ కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు వేసి అలా మగ్గనిచ్చేది. ఇక ఆకాశం విరిగిపడ్డా మూత తీయదు. తీసేసరికి అలిగిన తోడికోడళ్ళలా ఏ మెతుకుకా మెతుకు విడివిడిగా నిలబడి ఉండేది.

మేమందరం అలాగే వండేవాళ్ళం, అంత బాగా రాకపోయినా. పొలంలో మేం పండించిన తెల్లని నిండు గింజ పీపాలకెక్కి సముద్రం దాటిపోయేది. మాకు మిగిలేవి నూకలు. ఆ నూకల్ని కూడా ఒకదానికొకటి అంటకుండా వండటం మా పట్టుదల. మా రోజు వాళ్ళది, మా నడుము వాళ్ళది, మా పిల్లలు వాళ్ళ వాళ్ళు. కుండ మాత్రం మాది. గుడిసెల వరుసలో ఎవరింట్లోనైనా అన్నం చిమిడితే ఆ ఇంటావిడ రెండు రోజులు తలదించుకుని నడిచేది. మూడోరోజు ఎత్తబోతే మేం ఎత్తనిచ్చేవాళ్ళం కాదు.

నా పేరు కుంబా. నాది రోలు దగ్గర పని. నా వంతు వడ్లు దంచి, చేటతో చెరిగి, తెల్లబియ్యం వంటింటికి చేర్చాలి. వంతు అయిపోతే మిగతా పొద్దు నాది. ఆ మిగిలిన పొద్దును నేను నా తోటకూర మడిలో కంటే పక్కవాళ్ళ గుమ్మాల్లోనే ఎక్కువగా ఖర్చుపెట్టేదాన్నని ఊరంతా అంటుంది. అనుకోనీండి. నా నోట్లో నువ్వుగింజ నానదని కూడా అంటుంది. అసలు గొడవ అక్కడే వచ్చింది.

ఆ చలికాలం పెద్దింటి కూతురు హారియట్‌కి సవానా వర్తకుడితో పెళ్ళి కుదిరింది. కానుకగా వెండి సామాను, రెండు గుర్రాలు, ముగ్గురు మనుషులు అని మాట. ఇద్దరి పేర్లు ముందే తేలిపోయాయి: బట్టలు కుట్టే రైనా, బండి తోలే హెక్టర్. మూడోది వంటమనిషి. ఫీబాని ఇవ్వడానికి పెద్ద దొరసాని చస్తే ఒప్పుకోదు. కాబట్టి ఫీబా కూతురు టెనా. అప్పటికి దానికి పదహారేళ్ళు. ఒక్కతే కూతురు. తండ్రి క్వాకో పక్క యజమాని మనిషి. శనివారాల్లో తన దొర ఇచ్చిన అనుమతి చీటీ పుచ్చుకుని నడిచి వచ్చేవాడు.

సవానాకి పడవలో మూడు రోజులంటారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చి ఎంత దూరమో మాకు చెప్పలేదు.

పెద్ద దొరసాని వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఫీబా, అల్లుడుగారు మూడు రోజులుంటారు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం అన్నం టెనా వండాలి. నువ్వు చెయ్యి పెట్టకు. అల్లుడుగారికి నచ్చితే పెళ్ళయ్యాక వాళ్ళతో పడవెక్కుతుంది."

"అలాగేనమ్మగారూ," అంది ఫీబా. ఇంకేమంటుంది?

ఆ సాయంత్రం కోళ్ళదొడ్డిలో తల్లీకూతుళ్ళ మధ్య జరిగిన మాటలు నాకు తరవాత తెలిశాయి.

"రేపు అన్నం ముద్ద చెయ్యి."

"ముద్దంటే?"

"ముద్దంటే ముద్దే. నీళ్ళు రెండు బుర్రలు ఎక్కువ పొయ్యి. గంజి వార్చకు. అల్లుడు చెంచా గుచ్చితే నిలబడాలి."

"అమ్మా, తెలిసి తెలిసి అన్నం పాడుచెయ్యడమేమిటే!"

"చెయ్యాలి. సవానా పోతావా, ముద్ద వండుతావా?"

"వండుతాను," అని ఏడ్చిందట టెనా.

మొదటిరోజు పెద్దింట్లో పళ్ళెం మీద మూత తీసేసరికి అన్నం పొడిపొడిగా, తెల్లగా, నవ్వుతూ కూర్చుంది. కాబోయే అల్లుడు ఎర్రముక్కు, పుల్లల్లాంటి కాళ్ళ మనిషి. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఫీబా వంటింట్లోకొచ్చి తలుపు చేరేసింది. "ఏం చేశావే?"

"వార్చానమ్మా."

"వార్చొద్దన్నానా లేదా?"

"వార్చకూడదు, వార్చకూడదు అనుకుంటూనే వార్చేశాను. చెయ్యి ఆగలేదే!"

ఫీబా దాన్ని కొట్టబోయి ఆగిపోయింది. ఆ చేతికి అలా నేర్పింది తనే కదా.

రెండోరోజుకి ఫీబా ఇంకో ఉపాయం ఆలోచించింది. ఎసట్లో బియ్యం పడగానే టెనా పొయ్యి వదిలి కోళ్ళదొడ్డిలోకి పోవాలి. భోజనాల గంట మోగేదాకా కుండ మొహం చూడకూడదు. ఫీబా పెద్దింట్లో బల్ల సర్దుతుంది. కుండ దగ్గర ఎవరూ లేకపోతే అన్నం తనంతట తానే పాడైపోతుంది. మంచి ఉపాయమే. కానీ ఈ సంగతి నాకు చెప్పకూడదనుకున్నారు, నా నోటి గొప్పతనం వల్ల.

ఆ పూట నా వంతు తొందరగా అయింది. బియ్యం చేటలో పట్టుకుని వంటింటికి వెళ్ళాను. ఎవరూ లేరు. పొయ్యి మీద కుండలో నీళ్ళు ఓ చెరువులా ఉన్నాయి. మెతుకులు ఉబ్బిపోయి ఇక చిమడబోతున్నాయి.

నాకేమనిపించాలి? ఏదో కారణం ఉందేమో అనిపించాలి. పదహారేళ్ళ పిల్ల, ఫీబా కడుపున పుట్టింది, కుండ వదిలి ఎందుకు పోతుందని అనిపించాలి. అవేవీ అనిపించలేదు. "అయ్యో అన్నం!" అనిపించింది. మా వాళ్ళలో ఎవరినైనా ఆ గుమ్మంలో నిలబెట్టండి, అదే అనిపిస్తుంది. బిడ్డ నిప్పుల వైపు పాకుతుంటే ఎవరి బిడ్డని అడుగుతామా?

చేట కింద పెట్టి, పాతగుడ్డతో కుండ దించి గంజి వార్చేశాను. చుక్క మిగలకుండా ఒంపాను. కింద నిప్పులు తగ్గించి మూత మీద వేశాను. సరిగ్గా తగిన సమయానికి వచ్చానని నాకు నేనే మెచ్చుకుని, ఫీబా వచ్చి మెచ్చుకుంటుందని ముక్కాలిపీట మీద కూర్చున్నాను. గంట మోగింది. లోపల వడ్డించే అతను వచ్చి అన్నం పళ్ళెంలోకి తీసుకుని పోయాడు. పోతూ, "నీ చెయ్యి కూడా మంచిదే కుంబా!" అన్నాడు. నేను పొంగిపోయాను.

కాసేపటికి ఫీబా వచ్చింది. ముఖం బూడిదలా ఉంది.

"ఎవరు వార్చారు?"

"ఇంకెవరు? నేనే!" అన్నాను. "నీ కూతురు కుండ వదిలేసి ఎక్కడ పోయిందో! నేను రాకపోతే ఇవాళ పెద్దింట్లో నీ పరువు ఏమయ్యేది అక్కా?"

ఫీబా గడపలో కూలబడింది. వెనకాలే టెనా పరిగెత్తుకొచ్చి తల్లి ముఖం చూసి, నన్ను చూసి, ఖాళీ కుండ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అల్లుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు," అంది ఫీబా నెమ్మదిగా. "చిన్న దొరసాని హారియట్ నన్ను పిలిచి, టెనాకి రెండు గౌన్లు కుట్టమని రైనాకి చెప్పానంది. పడవెక్కడానికి."

అప్పుడు నాకు మొత్తం చెప్పారు. నా జన్మలో నేనెప్పుడూ అంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

"నన్ను కొట్టక్కా," అన్నాను చివరికి.

"నిన్ను కొడితే అన్నం మళ్ళీ గంజిలోకి పోతుందా?" అంది ఫీబా. తరవాత ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వాపుకోవడానికి వంటగుడ్డ నోట్లో కుక్కుకుంది. గుడ్డ తీశాక చూస్తే అది ఏడుపు. "నలభై ఏళ్ళు ఈ నది పొడుగునా అందరికీ అన్నం బాగా వండమని నేర్పాను. ఇప్పుడు ఒక్క కుండ చెడగొట్టేవాళ్ళు దొరకడం లేదు."

మూడోరోజు మధ్యాహ్నం ఫీబా మమ్మల్నిద్దర్నీ వంటింటి అవతల రోలు దగ్గర నిలబెట్టింది. "ఇద్దరూ చెరో వైపు రోకలి పట్టుకోండి. గంట మోగేదాకా వదిలారంటే చూడండి." ఖాళీ రోలు. అయినా దంచాం. దంచుతూనే తలుపు సందులోంచి లోపలికి చూస్తున్నాను. చూడకుండా ఉండేంత మంచిదాన్ని కాను.

ఫీబా నీళ్ళు పోసింది, వార్చలేదు. కుండ ముందు నిలబడి తెడ్డు తీసుకుంది. ఆ తరవాత కుడిచేతి మీద ఎడమచేయి వేసి, ఇంకెవరి చేతినో బలవంతంగా నెట్టినట్టు, తెడ్డుని అన్నంలోకి దింపింది. ఒకసారి తిప్పింది. చటుక్కున చేయి వెనక్కి లాక్కుని, ఎవరైనా ఉన్నారేమోనని పక్కకి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ తిప్పింది. ఇక ఆగలేదు.

"పిన్నీ, అమ్మ ఏం చేస్తోంది?" అంది టెనా, రోకలి ఆపకుండానే.

"దంచవే," అన్నాను.

పళ్ళెంలో ఆ అన్నం బోర్లించిన కుండ ఆకారంలోనే దిగిందని వడ్డించే అతను తరవాత చెప్పాడు. అల్లుడు చెంచా గుచ్చి వదిలితే నిలబడిందట. చిన్న దొరసాని ముందు నవ్వి, అల్లుడు నవ్వకపోవడం చూసి ఎర్రబడిందట. పెద్ద దొరసాని గంట కొట్టింది.

ఫీబా వెళ్ళి బల్లకు రెండడుగుల దూరంలో నిలబడింది.

"ఏమిటిది?"

"టెనా వండిన అన్నమమ్మగారూ."

"నిన్నా మొన్నా బాగానే వండిందిగా?"

ఇదంతా ఫీబా రాత్రి పడుకుని ఆలోచించి పెట్టుకున్న మాట కాదు. అక్కడ నిలబడ్డాకే తోచిందట. "నిన్నా మొన్నా నేనే వండానమ్మగారూ. మీరు వద్దన్నా వినలేదు. పిల్లకి పేరొస్తే మంచి చోటికి పోతుందని ఆశపడ్డాను. ఇవాళ దానంతట దాన్ని వండమన్నాను. దాని చెయ్యి ఇంతే. ఎన్నేళ్ళు నేర్పినా దాని తలకెక్కలేదు. మొద్దు."

గంట మోగగానే పెద్దింటి గోడ పక్కకి చేరి, ఆ మొద్దు రోకలి పట్టుకునే ఇదంతా వింటోంది.

"అంటే మా బల్ల దగ్గర నన్ను మోసం చేశావు."

"చేశానమ్మగారూ."

కొరడా పడుతుందనుకున్నాం. ఇంటినిండా చుట్టాలుండగా అరుపులు బాగుండవని కాబోలు, పడలేదు. "రేపట్నుంచి పార పట్టుకో," అంది పెద్ద దొరసాని. "వంటింటి గుమ్మం తొక్కకు." సవానాలోనే ఓ వంటమనిషిని కొనుక్కుందామని అల్లుడు అన్నాడట. ఆ కొన్నది ఎవరి కూతురినో, మాకెలా తెలుస్తుంది.

పెళ్ళయ్యాక పడవ రెండు గుర్రాలతో, వెండి సామానుతో, రైనాతో, హెక్టర్‌తో కదిలింది. రైనా టెనా కోసం కుట్టడం మొదలుపెట్టిన గౌను సగంలో ఉంటే ఒళ్ళో పెట్టుకుని కుడుతూనే వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరి కోసం చెడగొట్టడానికి మా దగ్గర ఏ కుండా లేదు. ఒడ్డున నిలబడి ఫీబా టెనా చెయ్యి వదల్లేదు, అటువైపు చూడనూ లేదు.

వసంతం వచ్చింది. నలభై ఏళ్ళు దాటాక ఫీబా మొదటిసారి మడిలోకి దిగింది. మడమతో నేలలో చిన్న గుంట నొక్కి, గింజలు రాల్చి, పాదంతో మట్టి కప్పుతూ పోవాలి. మా కాళ్ళకది నాట్యంలా వచ్చు. ఫీబా మడమకి పొయ్యిగడ్డే తెలుసు.

"ఫీబా, అది పార! గరిటెలా పట్టుకోకు!" అని గట్టు మీంచి మేస్త్రీ మింగో అరిచేవాడు. అతనూ మాలో ఒకడే. దొర వింటున్నప్పుడు ఇంకాస్త గట్టిగా అరిచేవాడు.

ఆడవాళ్ళు ఊరుకుంటారా! "ముద్దమ్మా, ఇవాళ మా ఇంట్లో జిగురు అయిపోయింది, కాస్త అన్నం పెట్టు!" అని ఒకావిడ. "చెప్పులు అతికించుకోవాలి, మాకూ పెట్టమ్మా!" అని ఇంకొకావిడ. ఫీబా నడుం ఎత్తి, "మీకు చెప్పులెక్కడివే?" అనేది. అందరూ నవ్వేవారు. అసలు సంగతి వాళ్ళకి తెలియదు. తెలిసింది నాకు, టెనాకి, క్వాకోకి. నది మీద ఫీబా పేరు పోయింది. ఎక్కడినుంచీ చీటీ రాలేదు. పడవల వాళ్ళు మా రేవు దాటుతూ ముద్దన్నం మీద పాట కూడా కట్టారు. ఆ పాట నేను మీకు పాడి వినిపించను. బాగుంటుంది గనక.

నా నోట్లో నువ్వుగింజ నానదన్నవాళ్ళకి ఒక మాట. ఆ గింజ నా నోట్లో ఏడాది నానింది. ఊరంతా ఫీబాని ఎగతాళి చేస్తుంటే, "అది కాదర్రా" అనే మాట పళ్ళ వెనక్కొచ్చి నిలబడేది. మింగేదాన్ని. పొద్దున్నే నా వడ్లు దంచేసి, మధ్యాహ్నం మడిలోకి దిగి, ఫీబా వంతులో మిగిలిన సాళ్ళు నేను తవ్వేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా వద్దనలేదు. అది ఆవిడ మర్యాద.

శనివారాల్లో క్వాకో వచ్చి ఫీబా మడమలకి పందికొవ్వు రాస్తూ, "ఊరందరికీ పెట్టిన ముద్దన్నం నాకొక్కడికీ పెట్టలేదు. మొగుణ్ణి కానా?" అనేవాడు.

"నీకు పెట్టాలంటే నువ్వు దొరవి కావాలి," అనేది ఫీబా.

వేసవిలో జ్వరాలకి భయపడి దొరలు పట్నం పోయారు. మంచు పడ్డాక తిరిగొచ్చారు. ఫీబా బదులు వంటింట్లో పెట్టినావిడ ఏం వండిందో గాని, నెల తిరక్కుండా పెద్దింటికి చుట్టాలు రావడం తగ్గింది. ఒక పొద్దున ఫీబాని పొలం నుంచి పిలిపించారు. తిట్టూ లేదు, మెప్పూ లేదు. "ఎసరు పెట్టు," అన్నారు. పెద్ద దొరసానికి క్షమించడం చేతకాదు. ఆకలెయ్యడం మాత్రం వచ్చు.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. సవానా వెళ్ళిన చిన్న దొరసాని ఏటా క్రిస్మస్‌కి పుట్టింటికి వస్తుంది. వచ్చిన రెండోరోజు, "ఏదీ, ఆ మొద్దుపిల్ల ఇప్పటికైనా నేర్చుకుందేమో చూద్దాం," అంటుంది. తమాషాగానే అంటుంది. మాకు తమాషా కాదు. ఆ పూట ఫీబా అందర్నీ వంటింట్లోంచి గెంటేసి తలుపు బిడాయిస్తుంది. నన్నైతే కొల్లార్డు ఆకుకూర కోసుకురమ్మని పెరట్లో అందరికంటే దూరపు మడికి పంపిస్తుంది. దొరసాని ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "పాపం," అని పక్కన పెడుతుంది. ఇప్పటికి ఎనిమిది క్రిస్మస్‌లు. టెనాకి పెళ్ళయింది, ఐదేళ్ళ కూతురుంది. అది నా ఒళ్ళోనే పెరిగింది. అదీ మొన్నటి ఆదివారం జరిగినదానికి కారణం.

మొన్నటి ఆదివారం టెనా గుడిసెలో కూర్చున్నాం. క్వాకో పట్టుకొచ్చిన పీతలు, బొబ్బర్లు, కుండలో నూకలన్నం. టెనా చెయ్యి ఇప్పుడు తల్లి చేతిని మించిపోయింది. గుడిసె తలుపులు మూసుకుని మాత్రమే ఆ మాట అంటాం. టెనా ఉప్పు కోసం లేచింది. మనవరాలు గరిటె తీసుకుని కుండలో పెట్టింది.

ఫీబా చెయ్యి దానంతట అదే లేచింది. చిన్నదాని వేళ్ళ మీద చురుక్కుమని ఒకటి పడింది.

"అన్నాన్ని కలపకూడదు!"

పిల్ల ఏడవలేదు. వేళ్ళు నోట్లో పెట్టుకుని అమ్మమ్మని తేరిపార చూసింది. "మరి క్రిస్మస్‌కి నువ్వు తలుపేసుకుని కలుపుతావటగా?"

టెనా ఉప్పు పిడికిలి అలాగే పట్టుకుని నిలబడింది. క్వాకో వెళ్ళి తలుపు బయట ఎవరైనా ఉన్నారేమో చూసొచ్చాడు.

ఫీబా మనవరాల్ని దగ్గరికి లాక్కుని, వేళ్ళు ఊదుతూ చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వింది. వాళ్ళమ్మని చూసింది. నోటి మీద రెండు చేతులూ వేసుకుంది.

తరవాత ఫీబా నెమ్మదిగా తలెత్తి నా వైపు చూసింది.

"దీనికి ఎవరు చెప్పారు?"

నేను వెంటనే లేచి, మూత మీద నిప్పులు సరిపోయాయో లేదో చూడటానికి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.